హెడ్డు చెక్కిస్తే పవర్ ఎంత పెరుగుద్ది? పల్సర్ 220 మీద కంప్రెషన్ లెక్క

పోయిన ఎపిసోడ్‌లో క్యామ్ గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న: "అన్నా, హెడ్డు ఒక మిల్లీ చెక్కిస్తే బండికి ఎంత పవర్ వస్తది?" ముందు జవాబు చెప్పేస్తాను, కారణం తర్వాత చెప్తాను. పల్సర్ 220 లాంటి బండికి మిగతావన్నీ కంపెనీవే ఉంచి, ఒక్క కంప్రెషన్ మాత్రం 9.5 నుంచి 11కి పెంచారనుకోండి. ఒక హార్స్‌పవర్ కూడా రాదు. మరి రేసు ఇంజిన్ కట్టే ప్రతివాడూ కంప్రెషన్ ఎందుకు పెంచుతాడు? వాళ్లేం పిచ్చోళ్లు కాదు. దానికి వేరే కారణం ఉంది. ఆ కారణం తెలియకుండా హెడ్డు సంచిలో వేసుకుని లేత్ షాపుకి పోయేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్.

220నే ఎందుకు తీసుకున్నానంటే, మన కుర్రాళ్ల దగ్గర ఈ బండి ఎక్కువ. సెకండ్ హ్యాండ్‌లో ఈజీగా దొరుకుద్ది, విప్పడం తేలిక. నేను చెప్పేది కార్బొరేటర్ మోడల్. దీని బోరు 67 మిల్లీలు, స్ట్రోకు 62.4 మిల్లీలు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి, కరెక్ట్‌గా 220 సీసీ వస్తుంది. ఇది పిస్టన్ కింది నుంచి పైకి ఊడ్చుకొచ్చే జాగా. పైకి వచ్చేశాక హెడ్డు లోపల కొంచెం జాగా మిగులుద్ది కదా, దాన్ని ఛాంబర్ అంటాం. మొత్తం జాగాని ఛాంబర్ జాగాతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. కంపెనీ ఇచ్చింది 9.5:1.

ఇక్కడ చాలామంది 220ని 9.5తో భాగిస్తారు. అలా కాదు. మొత్తం జాగాలో ఛాంబర్ కూడా కలిసి ఉంది కాబట్టి ఒకటి తీసేసి 8.5తో భాగించాలి. 25.9 సీసీ వస్తుంది. దగ్గు మందు సీసా మూత ఉంటది చూడండి, పది మిల్లీలీటర్లది, అలాంటివి రెండున్నర మూతలు. 11:1 కావాలంటే 220ని పదితో భాగించండి, 22 సీసీ. అంటే తగ్గించాల్సింది 3.9 సీసీ. ఒక చెంచా కూడా కాదు. 67 మిల్లీల బోరు మీద ఆ చెంచా నీళ్లు పరిస్తే 1.1 మిల్లీల మందం. మీ ఇంజిన్ బతుకు మొత్తం ఈ 1.1 మిల్లీల లోపలే ఉంది.

ఇప్పుడు పవర్ సంగతి. పెట్రోలు కాలితే వచ్చే వేడిలో ఎంత భాగం పనిగా మారుద్దో చెప్పడానికి ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఒక లెక్క ఉంది, ఆటో సైకిల్ అంటారు. ఆ లెక్కలో 9.5:1కి 59.4 శాతం, 11:1కి 61.7 శాతం, 12:1కి 63 శాతం. నిజం ఇంజిన్‌లో ఇంత రాదు, సగానికి సగం వేడి కిందా సైలెన్సర్ లోంచీ పోతుంది. కానీ ఒకదానికీ ఇంకోదానికీ తేడా మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. 59.4 నుంచి 61.7 అంటే నాలుగు శాతం పెరుగుదల. 220కి కంపెనీ చెప్పిన పవర్ 21 పీఎస్. అందులో నాలుగు శాతం ఎంత? 0.8. రెండు రోజులు ఇంజిన్ విప్పి, వేలల్లో ఖర్చు పెట్టి, 0.8. వెనక కూర్చునే ఫ్రెండ్‌ని దింపేస్తే అంతకంటే ఎక్కువ పికప్ వస్తుంది.

ఇంకోటి గమనించారా? 9.5 నుంచి 11కి 2.3 పాయింట్లు వచ్చాయి. 11 నుంచి 12కి 1.3 మాత్రమే. పైకి పోయేకొద్దీ లాభం చిక్కిపోతుంది, ప్రమాదం మాత్రం పెరుగుతూ పోతుంది.

ప్రమాదం అంటే నాకింగ్. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింది భాగం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది కదా. గాలిని నొక్కితే వేడెక్కుద్ది. ఇంజిన్‌లో కూడా అంతే. ప్లగ్గు వెలిగించిన మంట ఒక పక్క నుంచి వస్తుంటే, ఇంకా అంటుకోని మిశ్రమం అవతలి మూలకి నొక్కుకుపోయి, దానంతటదే భగ్గుమంటుంది. ఒక పద్ధతిలో కాలాల్సింది బాంబులా పేలుద్ది. బయటికి మనకి సన్నగా గాజుగోలీలు డబ్బాలో ఊపినట్టు వినిపిస్తుంది. లోపల పిస్టన్ అంచు మీద సుత్తి దెబ్బలు పడుతున్నట్టు లెక్క.

ఎండ ఏం చేస్తుందో చూడండి, ఇది నాకు బాగా ఇష్టమైన లెక్క. బయట 15 డిగ్రీల చలిలో గాలిని 11:1కి నొక్కితే పుస్తకం లెక్కలో దాదాపు 480 డిగ్రీలకి పోతుంది. బయట 45 డిగ్రీల ఎండలో 9.5:1కి నొక్కితేనే 510. నిజం ఇంజిన్‌లో రెండూ ఇంతకంటే తక్కువే ఉంటాయి. కానీ వరస మాత్రం మారదు. అంటే మే నెలలో విజయవాడ ఎండలో మీ స్టాక్ ఇంజిన్, చలిదేశంలో 11:1 కట్టిన ఇంజిన్ కంటే వేడి గాలిని నొక్కుతోంది. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాడు "12:1తో ఏ ప్రాబ్లమ్ లేదు" అంటాడు. వాడికి లేకపోవచ్చు బ్రో. వాడు రామగుండంలో నడపట్లేదు.

"మరి ఆర్15 వీ3 కంపెనీ నుంచే 11.6:1 వస్తుంది కదా, మామూలు పెట్రోలుతోనే తిరుగుద్ది కదా?" మంచి పాయింట్. ఆర్15 బోరు 58 మిల్లీలు, మంట నడవాల్సిన దూరం తక్కువ. నాలుగు వాల్వులు కాబట్టి ప్లగ్గు నడిమధ్యలో కూర్చుంటుంది. నీళ్ల కూలింగ్ ఉంది, పెట్రోలు ఎంత పోయాలో ఈసీయూ కొలిచి పోస్తుంది. 220కి బోరు పెద్దది, రెండే వాల్వులు, గాలీ ఆయిలూ చల్లబరచాలి, కార్బొరేటర్. దానికున్న బలం ఒకటే, రెండు ప్లగ్గులు. మంట రెండు వైపుల నుంచి వస్తుంది కాబట్టి త్వరగా కాలిపోద్ది, మూలన మిశ్రమానికి పేలే టైమ్ తక్కువ దొరుకుద్ది. అందుకే కంప్రెషన్ అంకె ఒక బండిది తీసుకెళ్లి ఇంకో బండికి అంటించకూడదు.

ఇప్పుడు అసలు విషయం. రేసు వాళ్లు కంప్రెషన్ ఎందుకు పెంచుతారు?

పిస్టన్ కింది నుంచి పైకి బయలుదేరగానే కంప్రెషన్ మొదలవుద్ది అనుకుంటాం. అవదు. అప్పటికి ఇన్‌టేక్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. తలుపు తెరిచి ఉండగా గదిలో ఎవరినైనా మూలకి నొక్కగలమా? వాల్వు మూసుకున్నాకే నొక్కడం మొదలు. స్టాక్ క్యామ్‌లో వాల్వు త్వరగా మూసుకుంటుంది. రేసు క్యామ్‌లో ఆలస్యంగా మూసుకుంటుంది, ఎందుకంటే ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో గాలి ఆ ఊపుతో ఇంకా లోపలికి తోసుకొస్తూ ఉంటుంది.

అంకెలు పెట్టి చూద్దాం. స్క్రీన్ మీద కనిపిస్తున్నవి ఉదాహరణ కోసం అనుకున్నవి, కంపెనీ అంకెలు కావు. కనెక్టింగ్ రాడ్డు 110 మిల్లీలు అనుకుందాం. పిస్టన్ అట్టడుగు దాటాక 50 డిగ్రీలకి వాల్వు మూసుకుంటే, పిస్టన్‌కి ఇంకా 53.9 మిల్లీల ప్రయాణం మిగిలి ఉంది. అంటే నిజంగా నొక్కేది 190 సీసీ. స్టాక్ ఛాంబర్ 25.9తో లెక్కేస్తే అసలు కంప్రెషన్ 8.3. దీన్ని డైనమిక్ కంప్రెషన్ అంటారు. ఇప్పుడు పెద్ద క్యామ్ వేసి, 70 డిగ్రీలకి వాల్వు మూసుకునేలా చేశాం. పిస్టన్‌కి 45.9 మిల్లీలే మిగిలింది, నొక్కేది 162 సీసీ. అదే ఛాంబర్‌తో డైనమిక్ 7.2కి పడిపోయింది. అందుకే స్టాక్ హెడ్డు మీద ఒక్క క్యామ్ వేసినవాళ్లు "కింద పికప్ చచ్చిపోయింది అన్నా, పైన మాత్రం లాగుతుంది" అంటారు. క్యామ్ తప్పు కాదు అది. ఇప్పుడు ఛాంబర్‌ని 22 సీసీకి తగ్గించండి, 11:1. డైనమిక్ మళ్లీ 8.3కి వచ్చేసింది! కంపెనీ బండిలో ఎంత ఉందో అంతే.

అర్థమైందా? 11:1 అనేది పవర్ కోసం కాదు. క్యామ్ దొంగిలించిన దాన్ని తిరిగి ఇవ్వడానికి. క్యామ్ లేకుండా 11:1 పెడితే డైనమిక్ 9.6కి పోతుంది, నాకింగ్ అక్కడ కూర్చుని ఉంటుంది. అందుకే ముందు క్యామ్ డిసైడ్ అవ్వాలి. దాని కార్డులో ఇన్‌టేక్ ఎన్ని డిగ్రీలకి మూసుకుంటుందో చూడాలి. అప్పుడు కంప్రెషన్ లెక్క వెయ్యాలి. మనవాళ్లు రివర్స్‌లో చేస్తారు.

చిన్న విషయం, ఆర్‌ఎక్స్100 ఫ్యాన్స్ కోసం. దాని కంప్రెషన్ 6.7:1 అని చూసి "ఇంత తక్కువా" అంటారు. టూ స్ట్రోక్ బళ్లకి జపాన్ కంపెనీలు ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్నాకే లెక్క మొదలుపెడతాయి. అంటే వాళ్లు మొదటి నుంచీ నిజం అంకె చెప్తున్నారు. దాన్ని ఫోర్ స్ట్రోక్ అంకెతో పోల్చకండి.

సరే, క్యామ్ ఉంది, 11 కావాలి. ఎలా? ఆ మధ్య ఒక తమ్ముడు నా దగ్గరికి 220 ఇంజిన్ తోసుకొచ్చాడు. ఎక్కడో హెడ్డు చెక్కించాడు, ఎక్కడో వద్దులే. ఎంత చెక్కారు అంటే "ఒక పేపర్ మందం అన్నారు" అన్నాడు. కొలిస్తే పేపర్లు చాలానే వెళ్లిపోయాయి. క్యామ్ స్టాక్‌దే, టైమింగ్ స్టాక్‌దే, జెట్టు స్టాక్‌దే. శ్రీశైలం ఘాట్ రోడ్డులో వెనక మనిషిని కూర్చోబెట్టుకుని టాప్ గేర్లో ఎక్కించాడు. నాకింగ్‌కి అంతకంటే మంచి భోజనం ఉండదు: తక్కువ ఆర్‌పీఎమ్, ఫుల్ థ్రాటిల్, వేడి ఇంజిన్. పిస్టన్ మీద మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గోడ విరిగి, ఆ ముక్క బోరుని పైనుంచి కింది దాకా గీరేసింది. ఇంజిన్ ఒక మలుపులో పట్టేసింది. వెనక చక్రం లాక్ అయింది. క్లచ్ మీద రెండు వేళ్లు ఉన్నాయి కాబట్టి నొక్కేశాడు, మోకాలు చెక్కుకోవడంతో పోయింది. ఆ మలుపుకి అవతల లోయ. కొత్తగా కట్టిన ఇంజిన్‌తో తిరిగేటప్పుడు మొదటి కొన్ని రోజులు క్లచ్ మీద వేళ్లు తీయకండి, ప్లీజ్.

పద్ధతుల్లోకి వద్దాం. నేను ఎప్పుడూ హెడ్డుతో మొదలుపెట్టను. కింద సిలిండర్ ప్యాకింగ్‌తో మొదలుపెడతాను. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్డు అంచుకీ మధ్య సన్నని సందు ఉంటుంది, స్క్విష్ అంటాం. ఆ సందు సరిగ్గా ఉంటే అంచుల్లో మిశ్రమం చిందినట్టు మధ్యలోకి వచ్చి పడుద్ది, మంట త్వరగా అంటుకుంటుంది, నాకింగ్ తగ్గుద్ది. అంటే సందు తగ్గిస్తే కంప్రెషన్ పెరుగుద్ది, నాకింగ్ కూడా తగ్గుద్ది. ఈ పనిలో ఫ్రీగా వచ్చేది ఇదొక్కటే. సందు ఒకటిన్నర, రెండు మిల్లీలు ఉంటే మాత్రం దరిద్రం, చిందదు, పైగా పేలడానికి మిశ్రమం అక్కడే దాక్కుంటుంది.

కొలవడం ఎలా? సోల్డరింగ్ వైరు తీసుకోండి, రేడియో షాపులో దొరుకుద్ది. రెండు ముక్కలు పిస్టన్ మీద పిన్ను ఉన్న లైన్లోనే, అటు అంచున ఒకటి ఇటు అంచున ఒకటి గ్రీజుతో అంటించండి. వేరే చోట పెడితే పిస్టన్ ఊగి తప్పు అంకె వస్తుంది. హెడ్డు బిగించి, క్రాంక్ చేత్తో ఒక చుట్టు తిప్పి, విప్పి, నలిగిన వైరుని వెర్నియర్‌తో కొలవండి. ఈ సైజు ఇంజిన్‌కి నేను 0.9 దగ్గర ఆపుతాను. 0.7 కిందికి వెళ్లను. పదివేల ఆర్‌పీఎమ్‌లో రాడ్డు సాగుద్ది, బేరింగుల్లో ఆట ఉంటుంది, చేత్తో తిప్పినప్పుడు తగలనిది అక్కడ తగులుద్ది.

ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. మనకి కావాల్సింది 1.1 మిల్లీలు. స్క్విష్ 0.9 దగ్గర ఆపాలంటే సిలిండర్‌ని అంత కిందికి దించలేం. వచ్చినంత ప్యాకింగ్‌తో తీసుకుని, మిగతాది పైకి ఉబ్బిన హై కంప్రెషన్ పిస్టన్‌తో రాబట్టాలి. డబ్బాలో పిస్టన్ మీద "11:1" అని రాసి ఉంటే నమ్మకండి, అది ఎవరో ఎవరి హెడ్డుతోనో లెక్కేసింది. మీరే కొలవండి. ఇంజిన్ మొత్తం బిగించి, పిస్టన్‌ని పైకి తెచ్చి, రింగుల దగ్గర కారకుండా ముందే సన్నగా గ్రీజు పూసి, ఒక ప్లగ్గు బిగించే ఉంచి, రెండో ప్లగ్గు కన్నం పైకి వచ్చేలా వంచి బ్యూరెట్‌తో పల్చటి ఆయిల్ పోయండి. బ్యూరెట్ అంటే ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో పట్టుకున్నదే. మరలు మొదలయ్యే చోట ఆపండి. ఎన్ని సీసీలు పట్టిందో అదే మీ ఛాంబర్. 22 బదులు 20 వచ్చిందనుకోండి, అది 12:1. రెండు సీసీల తేడా, రెండు ఇంజిన్లు.

వాల్వులు మర్చిపోవద్దు. పెద్ద క్యామ్, ఉబ్బిన పిస్టన్, దగ్గరకొచ్చిన హెడ్డు, మూడూ కలిసి వాల్వుని పిస్టన్ మీదకి తెస్తాయి. పిల్లలు ఆడుకునే క్లే పిస్టన్ మీద పరిచి, బిగించి, రెండు పూర్తి చుట్లు తిప్పి విప్పండి. అచ్చు పడుద్ది. ఇన్‌టేక్ దగ్గర కనీసం ఒక మిల్లీ, ఎగ్జాస్ట్ దగ్గర ఒకటిన్నర మిగలాలి. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుద్ది కాబట్టి దానికి ఎక్కువ. ఇంకోటి, హెడ్డు కిందికి దిగితే టైమింగ్ చైన్ వదులై క్యామ్ కొంచెం వెనకబడుద్ది. అర మిల్లీకి క్రాంక్ లెక్కలో ఒకటి రెండు డిగ్రీలు. టెన్షనర్ ఆ వదులుని లాగేస్తుంది గానీ టైమింగ్‌ని సరిచెయ్యదు.

నిప్పు టైమింగ్ గురించి. నొక్కుడు ఎక్కువైతే మిశ్రమం త్వరగా కాలుద్ది, కాబట్టి ప్లగ్గు కొంచెం ఆలస్యంగా వెలగాలి. స్టాక్ సీడీఐ ఆ సంగతి ఎరగదు. అది 9.5:1 కోసం రాసిన పాఠమే చదువుతూ ఉంటుంది. మార్చుకునే వీలున్న సీడీఐ పెట్టి, రెండు మూడు డిగ్రీలు తగ్గించి మొదలుపెట్టండి. అది పెట్టడానికి బడ్జెట్ లేదంటే 10 దగ్గరే ఆగిపోండి, నిజంగా చెప్తున్నా.

పెట్రోలు. మన దగ్గర మామూలు పెట్రోలు చాలా ఏళ్లు 91 ఆక్టేన్. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20కి 95. ఇథనాల్ నాకింగ్‌ని ఆపుద్ది కాబట్టి ఈ విషయంలో మనకి మంచిదే. కానీ ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, అంటే అదే జెట్టుతో కార్బొరేటర్ బండి పల్చగా నడుస్తుంది, వేడెక్కుద్ది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది. మెయిన్ జెట్టు చూసుకోవాల్సిందే. ఇండియన్ ఆయిల్ 2020 నుంచి 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100 అమ్ముతోంది, కానీ అన్ని ఊళ్లలో దొరకదు. మీ ఊళ్లో రోజూ దొరికే పెట్రోలుకి ఇంజిన్ కట్టుకోండి. స్టాక్ బండిలో 100 ఆక్టేన్ పోసి పవర్ పెరిగింది అనేవాళ్లకి నేనేం చెప్పలేను.

220కి కిక్ లేదు, సెల్ఫ్ ఒక్కటే. కంప్రెషన్ పెరిగాక పొద్దున్నే స్టార్టర్ మూలిగితే ఆశ్చర్యపోకండి, బ్యాటరీ కొత్తది ఉండాలి. కంప్రెషన్ గేజ్ ఉన్నవాళ్లు విప్పకముందు ఒకసారి, బిగించాక ఒకసారి, రెండుసార్లూ థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడండి. పెద్ద క్యామ్ వేసినప్పుడు గేజ్‌లో అంకె స్టాక్ దగ్గరే ఉంటే కంగారుపడొద్దు, గేజ్ చూపించేది డైనమిక్‌కి దగ్గర అంకె.

రోడ్డు మీద తిప్పే బండి అయితే, మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం గురించే ఉంది. వారంటీ పోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లకి వంక దొరుకుద్ది. ట్రాక్ కోసం కట్టుకుంటే ఆ గొడవ లేదు.

బండి బయటికి తీశాక, మొదటి ఫుల్ థ్రాటిల్ పరుగు అవ్వగానే ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి, తెల్లటి పింగాణీ మీద టార్చ్ కొట్టి చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గానీ, మెరిసే సన్నటి గుళ్లు గానీ కనిపిస్తే అది పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. అక్కడితో ఆపేసి, టైమింగ్ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించండి, జెట్టు ఒక సైజు పెంచండి. కొత్త ప్లగ్గు వేసి మళ్లీ చూడండి. చెవికి వినపడే నాకింగ్ కంటే ప్లగ్గే ముందు చెప్తుంది, ఎందుకంటే మన సైలెన్సర్ల సౌండులో ఏదీ వినపడదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ20కి జెట్టు ఎలా మార్చాలో ఇదే ఇంజిన్ మీద చేసి చూపిస్తాను. ప్లగ్గు ఫొటోలు తీసి ఉంచుకోండి, పనికొస్తాయి. ఉంటాను.